దారిన పోయేవాడి నీళ్ళు: మహాడ్, నాసిక్ వసంతాలు

మాఘం చివరికొచ్చేసరికి మా పల్నాడు వైపు జనం దారిన పడతారు. చలి తగ్గుద్ది, ఎండ ఇంకా ముదరదు. మిరప కోతల కూలి డబ్బులు నాలుగు చేతిలో ఆడుతుంటయ్. శివరాత్రికి కోటప్పకొండ, ఆ వెనక ఊరూరా చిన్నాపెద్దా తిరునాళ్ళు, హోళీ, ఉగాది, శ్రీరామనవమి. పత్రికల ఆదివారం అనుబంధాలు కూడా ఈ రోజుల్లోనే ఏ పండగ చూడాలి, ఎక్కడ బస చేయాలి అని రంగుల బొమ్మలేసి చెప్తుంటయ్. యాత్ర చేసేవాడంటే చేతిలో సంచీ, జేబులో డబ్బు ఉన్న మనిషి అని ఆ రాతల్లో ముందే తేలిపోయి ఉంటుంది. అతనికి దారిలో దాహమైతే నీళ్ళెవరిస్తారన్న ప్రశ్న అక్కడ రాదు. దళితుల ప్రయాణాల చరిత్ర రాయాలంటే ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

మా నాయన ముప్పై నలభై ఏళ్ళు తిరునాళ్ళకు నడిచాడు. మా చుట్టుపక్కల ఆయన చూడని తిరునాళ్ళ లేదు. కానీ ఆయన గురించి "తిరునాళ్ళకు పోయాడు" అని ఊళ్ళో ఎవరూ అనరు. "తిరునాళ్ళ పనికి పోయాడు" అంటారు. తేరు ముందు డప్పు కొట్టడం మా ఇంటి వంతు. ఆ తోలు మావాళ్ళు నానేసి, వెంట్రుక గీకి, కొయ్య వలయానికి బిగించి కట్టిందే. దాని మోత దేవుడి చెవిన పడొచ్చు. కొట్టిన చెయ్యి మాత్రం తేరు తాడు మీద పడగూడదు. నేను యూనివర్సిటీకి వచ్చి పుస్తకాలు చదివిందాకా ఈ రెండిటి మధ్య తేడా నాకు వింతగా అనిపించలేదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కదా.

చలివేంద్రాల గురించి కూడా ఆయనే చెప్పాడు. ఆయన కుర్రతనంలో తిరునాళ్ళ దారుల్లో తాటాకు పందిళ్ళు వేసి, ఇసుకలో కుండలు పాతి, నీళ్ళు పోసేవాళ్ళు. మిగతా కులాల వాళ్ళు పందిట్లోకి పోయి చెంబుతో తాగేవాళ్ళు. మావాళ్ళకు పందిరి బయట ఒక వెదురు బొంగు. లోపలివాళ్ళు బొంగులో పోస్తే ఇవతల వంగి దోసిలి పట్టాలి. "బొంగులో నీళ్ళు చల్లగానే ఉండేయిరా" అన్నాడు మా నాయన, నవ్వకుండా.

జాతరలో కులాలు కరిగిపోతాయని, అందరూ ఒకటైపోతారని జానపద పరిశోధకులు కొందరు రాశారు. ఆ మాట చదివినప్పుడల్లా వీళ్ళు ఎక్కడ నిలబడి చూశారా అని అనుమానమొస్తుంది. తేరు మీద నుంచి చూస్తే తలకాయలన్నీ ఒకటిగానే కనపడతయ్.

ఈ అనుమానంతో చదువుతూ పోతే మహాడ్ నాకు కొత్తగా కనపడింది. మహాడ్ గురించి తెలియని కార్యకర్త మనలో లేడు. మార్చి 20 వస్తే సభ పెట్టుకుంటాం, ఉపన్యాసాలు ఇస్తాం. అయితే ఆ పోరాటం మొదట్లో దారిన పోయేవాళ్ళ నీళ్ళ కోసం పుట్టిందన్న సంగతి మన ఉపన్యాసాల్లో తక్కువగా వస్తుంది. అంబేడ్కర్ మాత్రం ఆ సంగతి స్పష్టంగా రాశాడు.

మహాడ్ కొంకణంలో సావిత్రి నది ఒడ్డున ఉన్న తాలూకా కేంద్రం. అప్పట్లో కొలాబా జిల్లా, ఇప్పుడు రాయగడ్ జిల్లా. శివాజీ రాజధాని రాయగడ్ కోటకు పోయేవాళ్ళు ఈ ఊరి మీదుగానే పోతారు. చుట్టుపక్కల పల్లెల్లో ఉండే అంటరాని కులాల వాళ్ళు రెండు పనుల మీద మహాడ్ రావలసి వచ్చేది. ఒకటి, బజారు. రెండోది, గ్రామ నౌకరీ. పల్లె అధికారి రాసిన కాగితాలు తాలూకా కచేరీకి చేర్చాలి, వసూలైన శిస్తు తీసుకొచ్చి కట్టాలి. మన దగ్గర వెట్టి అన్నామే, అటువంటిదే. కబురు మోసిందీ, మూట మోసిందీ, దొర బండి ముందు పరిగెత్తిందీ ఎక్కడైనా మనవాళ్ళే. అంటే దళితుడు ప్రయాణం చేయలేదనడం తప్పు. అందరికంటే ఎక్కువ నడిచింది అతనే. దారి పొడవునా అతన్ని మనిషిగా లెక్కేసినవాడు లేడు, అంతే.

పైనుంచి వచ్చినవాళ్ళకు మహాడ్‌లో నీళ్ళు దొరికే చోటు చవదార్ చెరువు ఒక్కటే. వాన నీరు, ఊట నీరు చేరే పెద్ద చెరువు. చుట్టూ గట్లు, ఆ గట్ల మీద అగ్రకులాల ఇళ్ళు. ముస్లింలు ఆ నీళ్ళు వాడుకునేవాళ్ళు. పశువులు తాగేవి. అంటరానివాళ్ళకు మాత్రం ఊరికి ఎడంగా వాళ్ళ వాడలో ఉన్న బావి ఒక్కటే దిక్కు. పొద్దున్నే పల్లె నుంచి బయలుదేరి, ఎండలో నడిచి, కచేరీ ముందు గంటలకొద్దీ నిలబడ్డవాడు ఎదురుగా చెరువును పెట్టుకుని గుక్కెడు నీళ్ళ కోసం మళ్ళీ వాడ దాకా నడవాలి.

1923 ఆగస్టు 4న బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే పెట్టిన తీర్మానం నెగ్గింది. ప్రభుత్వ సొమ్ముతో కట్టి నడిపే చెరువులు, బావులు, బడులు, కోర్టులు, ఆసుపత్రులు అంటరాని కులాలకు కూడా తెరవాలని దాని సారాంశం. ఆ జాబితాలో ధర్మశాలలు కూడా ఉన్నాయి. బాటసారి తలదాచుకునే చోటు కదా ధర్మశాల. మన చరిత్రకారులు చెరువును పట్టుకుని ధర్మశాలను వదిలేశారు. 1924 జనవరిలో మహాడ్ మునిసిపాలిటీ కూడా తమకు అభ్యంతరం లేదని తీర్మానించింది. దాని అధ్యక్షుడు సురేంద్రనాథ్ టిప్నిస్ ఉదారవాది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. మూడేళ్ళ పాటు ఒక్క దళితుడూ అందులో దిగలేదు. దిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

అక్కడికి దగ్గర్లోని దాస్‌గావ్ వాడు ఆర్.బి. మోరే. అప్పటికి ఇంకా యువకుడు. తర్వాతి కాలంలో కమ్యూనిస్టు అయ్యాడు. ఆయనా, అనంత్ చిత్రే లాంటి మిత్రులూ కలిసి కొలాబా జిల్లా బహిష్కృత పరిషత్తుకు ఏర్పాట్లు చేశారు. 1927 మార్చి 19, 20 తేదీలు. ఆ ఏడాది ఫాల్గుణ పౌర్ణమి మార్చి 18. హోళీ మరునాడే సభ మొదలైందన్నమాట. కొంకణానికి హోళీ అంటే శిమ్గా, ఏడాదిలోకెల్లా పెద్ద పండగల్లో ఒకటి. ముంబై మిల్లుల్లో, రేవుల్లో పనిచేసేవాళ్ళు ఇళ్ళకు చేరే రోజులు. ఊరి దేవుళ్ళ పల్లకీలు తిరిగే రోజులు. ఆ పండగ వేళ ఒక జనం దేవుడి పల్లకీ వదిలేసి తమ సొంత సభకు నడిచారు.

నడిచారంటే నిజంగానే నడిచారు. పదిహేనేళ్ళ పిల్లల నుంచి డెబ్భై ఏళ్ళ ముసలివాళ్ళ దాకా రొట్టె ముక్కలు మూటగట్టి భుజాన వేసుకుని వచ్చారని, కొందరు వంద మైళ్ళకు పైగా నడిచారని అంబేడ్కర్ జీవిత చరిత్ర రాసిన ధనంజయ్ కీర్ చెప్తాడు. పదివేల మందికి పైగా అని ఆయన లెక్క. ఆ లెక్క మీద తర్వాతివాళ్ళకు అభ్యంతరాలున్నాయి. నాకు జనం సంఖ్య కంటే రొట్టె మూటలు ముఖ్యం. దారిలో ఏ పూటకూళ్ళ ఇంట్లోనూ అన్నం పెట్టరని తెలిసినవాడే అట్లా రొట్టె కట్టుకుని బయలుదేరతాడు. మాయమ్మ ఇప్పటికీ ఎక్కడికి బయలుదేరినా సద్ది కట్టకుండా అడుగు తీయదు. హోటళ్ళు ఉన్నయ్ కదమ్మా అంటే వినదు.

రొట్టెలు తెచ్చుకోవచ్చు, నీళ్ళు మోసుకురాలేరు కదా. సభకు కావలసిన నీళ్ళు నలభై రూపాయలు పెట్టి అగ్రకులాల వాళ్ళ దగ్గర కొన్నారు. పక్కనే చెరువు నిండుగా ఉంది. మునిసిపాలిటీ తీర్మానమూ ఉంది. అయినా నలభై రూపాయలు. ఆ రోజుల్లో కూలివాడు అంత సొమ్ము కూడబెట్టాలంటే ఎన్ని రోజులు పడుతుందో లెక్కేసుకోండి.

19వ తేదీన అంబేడ్కర్ ఉపన్యాసంలో చెరువు ప్రధానం కాదు. చచ్చిన గొడ్డు మాంసం మానండి, పాచి ముక్కల కోసం చెయ్యి చాపడం మానండి, భూమి సంపాదించండి, పిల్లల్ని చదివించండి అని చెప్పాడు. మరునాడు ఆదివారం, తీర్మానాలు అయ్యాక, జనం నలుగురు నలుగురుగా వరస కట్టి బజారు వీధుల గుండా చెరువుకు నడిచారు. అంబేడ్కర్ దిగి నీళ్ళు తీసుకుని తాగాడు. వెనక వచ్చినవాళ్ళందరూ దిగారు, తాగారు, పందిరికి తిరిగొచ్చారు. అప్పటికి ఏ గొడవా లేదు.

రెండు గంటలు గడిచాక ఊళ్ళో పుకారు లేచింది. వీరేశ్వర్ గుడిలోకి కూడా దూరబోతున్నారట అని. ఆ ఆలోచన సభలో ఎవరికీ లేదు. పుకారుకు నిజంతో పనేముంది. కర్రలు పట్టుకుని వచ్చినవాళ్ళు పందిట్లో అన్నాలు తింటున్న వాళ్ళ మీద, మూటలు సర్దుకుంటున్న వాళ్ళ మీద పడ్డారు. వీధుల్లో ఒంటరిగా దొరికినవాళ్ళను కొట్టారు. ముస్లింల ఇళ్ళల్లో దూరి కొందరు ప్రాణాలు కాపాడుకున్నారు. అప్పుడు అంబేడ్కర్ ప్రభుత్వపు ట్రావెలర్స్ బంగ్లాలో ఉన్నాడు. మెజిస్ట్రేటు, పోలీసు అధికారి అక్కడికే వచ్చారు. మీరు వాళ్ళను అదుపు చేయండి, నావాళ్ళను నేను చూసుకుంటాను అన్నది ఆయన జవాబు. ఆ మాట మామూలు మాట కాదు. మహాడ్ చుట్టుపక్కల మహర్లలో పాత సైనికులు చాలామంది. తొలితరం దళిత రచయిత గోపాల్ బాబా వలంగ్‌కర్ కూడా ఈ ప్రాంతపు వాడే, సైన్యంలో పనిచేసి వచ్చినవాడే. బంగ్లా దగ్గర వందమందికి పైగా ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నారు. ఆ మాట ఆయన అనలేదు.

ఒక అడుగు ఇక్కడ ఆగుదాం. ఆ రోజు మహాడ్‌లో బాటసారుల బంగ్లా ఒకటి ఉంది. ఇంగ్లీషు దొరల కోసం, అధికారుల కోసం కట్టింది. విదేశాల్లో చదివొచ్చిన బారిస్టరు గనక అంబేడ్కర్‌కు అందులో చోటు దొరికింది. వంద మైళ్ళు నడిచొచ్చిన బాటసారికి ఆ ఊళ్ళో ఉన్నది పందిరి ఒక్కటే, అది కూడా సాయంత్రానికి నేలకూలింది. మనలో చదువుకున్నవాళ్ళం ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. నాకు హాస్టలు గది, లైబ్రరీ కార్డు ఉన్నయ్. మా నాయనకు ఆ బొంగే ఉంది.

సభకు రావడం కంటే సభ నుంచి ఇంటికి చేరడం కష్టమైంది. మీ ఊరి ప్రతినిధులు తిరిగొస్తున్నారు, వాళ్ళ సంగతి చూడండి అని దాడి చేసినవాళ్ళు పల్లెలకు ముందే కబురు పంపారు. దారుల్లో కాపు కాశారు. ఇళ్ళకు చేరకముందే దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. ఈ తిరుగు ప్రయాణం గురించి పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకు మించి ఉండదు. చెరువు దగ్గరి దృశ్యానికి విగ్రహాలు, చిత్రాలు ఉన్నాయి. తిరుగు దారికి లేవు.

ఆ తర్వాత చెరువును శుద్ధి చేశారు. నూట ఎనిమిది కుండల నీళ్ళు తోడిపోశారు. పెరుగు, పాలు, ఆవు పేడ, ఆవు పంచితం కుండల్లో కలిపి మంత్రాలు చదువుతూ చెరువులో ముంచారు. దాడి చేసినవాళ్ళలో ఐదుగురికి జూన్‌లో నాలుగు నెలల కఠిన శిక్ష పడింది. ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానం తానే రద్దు చేసుకుంది. డిసెంబరులో రెండో సభ అనుకున్నప్పుడు అగ్రకులాల వాళ్ళు కోర్టుకెక్కి, చెరువు తమ సొంతమని వాదించి తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకున్నారు.

డిసెంబరు ప్రయాణం కూడా చెప్పుకోవలసిందే. ముంబై నుంచి మామూలు దారిలో పోతే మధ్యలో బస్సులు ఎక్కాలి. బస్సుల వాళ్ళు ఎక్కించుకోకపోతే? అందుకని అంబేడ్కర్, ఆయన వెంట రెండు వందల మంది దాకా జనం పద్మావతి అనే స్టీమరులో సముద్రం మీద చుట్టూ తిరిగి 25వ తేదీ మధ్యాహ్నానికి దాస్‌గావ్ చేరారు. అక్కడి నుంచి మహాడ్‌కు ఐదు మైళ్ళు నడక. సభకు హిందువులెవరూ స్థలం ఇవ్వలేదు. ఫత్తేఖాన్ అనే ముస్లిం ఇచ్చాడు. ఆ రాత్రి అక్కడే మనుస్మృతిని తగలబెట్టారు. ఆ నీళ్ళు తాగకపోతే మనం చచ్చిపోం, మేమూ మనుషులమేనని చెప్పడానికి చెరువుకు వెళ్తున్నాం అన్న అర్థంలో అంబేడ్కర్ మాట్లాడింది ఆ సభలోనే. కోర్టు ఉత్తర్వు ఉంది గనక చెరువు చుట్టూ ఊరేగింపుగా నడిచి వచ్చేశారు. దావా పదేళ్ళు నడిచింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు తీర్పిచ్చింది. అంటరానివాళ్ళను దూరంగా ఉంచడం అనాదిగా వస్తున్న ఆచారమని అవతలి పక్షం రుజువు చేయలేకపోయిందని తేల్చింది. మళ్ళీ మార్చి నెలే.

నీళ్ళ సంగతి అది. తేరు తాడు సంగతికి గోదావరి పైకి పోవాలి. మన భద్రాచలం పక్కగా పారే నది పుట్టింది నాసిక్ జిల్లా త్ర్యంబకంలో. నాసిక్‌లో పంచవటి, అక్కడ నల్లరాతితో కట్టిన కాలారామ్ గుడి. 1930 మార్చి 2, ఆదివారం. శివరాత్రి వెళ్ళి మూడు నాలుగు రోజులు. అంబేడ్కర్ అధ్యక్షతన సభ జరిగాక దాదాపు పదిహేను వేల మంది వరస కట్టి గుడికి బయలుదేరారు. ఊరేగింపు మైలు పొడవు. ముందు మిలిటరీ పద్ధతిలో బాండు వాయిద్యం, వందల మంది స్త్రీలు. గుడి తలుపులు మూసి ఉన్నాయి. జనం గోదావరి ఒడ్డుకు పోయి సభ పెట్టుకున్నారు. మరునాటి నుంచి నాలుగు ద్వారాల దగ్గర సత్యాగ్రహం. మొదటి దళంలో 125 మంది పురుషులు, 25 మంది స్త్రీలు. భావురావ్ గైక్వాడ్ దానికి వెన్నెముక.

గాంధీ సబర్మతి నుంచి దండికి బయలుదేరింది మార్చి 12న. అంటే నాసిక్ నడక పది రోజులు ముందు. ఆ వసంతంలో దేశంలో రెండు నడకలు జరిగాయి, బడి పుస్తకంలో ఒకటే ఉంది. నేను పదో తరగతిలో దండి దారి పటం గీశాను. మార్కులు బాగానే వచ్చినయ్.

నెల గడిచింది. శ్రీరామనవమి ఉత్సవాలు వచ్చాయి. ఏప్రిల్ 9న రథం. మెజిస్ట్రేటు సమక్షంలో రాజీ కుదిరింది. రెండు పక్షాల నుంచి బలమైనవాళ్ళను ఏరి, ఇద్దరూ కలిసి రథం లాగాలి. గుడిలోకి రానివ్వకపోయినా తాడు పట్టనిస్తామన్నారు. అంబేడ్కర్ తనవాళ్ళతో గుడి ముందు నిలబడ్డాడు. చూడ్డానికి వేల జనం. వీళ్ళు చెయ్యి వేసే లోపలే అవతలివాళ్ళు మీదపడి రథాన్ని లాక్కుని పరిగెత్తారు. పోలీసు కాపలా ఉన్న ఒక ఇరుకు సందులోకి తోలుకుపోయారు. వెనక రాళ్ళ వాన. కద్రేకర్ అనే భండారీ యువకుడు పోలీసుల వరసను చీల్చుకుని ముందుకుపోయి నెత్తుటి మడుగులో పడ్డాడు. అంబేడ్కర్ మీద రాళ్ళు పడకుండా గొడుగులు అడ్డం పెట్టారు. ఆ గొడుగులు విరిగి ఆయనకూ గాయాలయ్యాయి.

దేవుణ్ణి ఎక్కించిన రథాన్ని దొంగ సొత్తులాగా లాక్కుని పరిగెత్తిన భక్తులు వీళ్ళు. మా నాయనకు ఈ సంగతి చదివి వినిపించినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "తాడు బరువుగా ఉంటదిరా, పదిమంది ఎక్కువైతే వాళ్ళకే మంచిది గదా" అన్నాడు. ఆయన ఆలోచన పని మీదుగా పోతుంది. కులం ఆలోచన పని మీదుగా పోదు.

నాసిక్ జిల్లా పల్లెల్లో దానికి మూల్యం చెల్లించారు. దళితులకు దారులు మూశారు, బడుల్లో పిల్లల్ని రానివ్వలేదు, బజార్లో సరుకులు అమ్మలేదు. అయినా ఉద్యమం ఐదేళ్ళకు పైగా సాగింది. 1934 మార్చి 3న గైక్వాడ్‌కు రాసిన ఉత్తరంలో అంబేడ్కర్ తన ఉద్దేశం దాచుకోలేదు. మనవాళ్ళు విగ్రహాలకు మొక్కాలని ఇది మొదలుపెట్టలేదు, మనవాళ్ళలో కదలిక రావాలని పెట్టాను, అది వచ్చింది, ఇక శక్తిని చదువు మీద, రాజకీయం మీద పెట్టాలి అన్నది దాని సారాంశం. 1935 అక్టోబరు 13న నాసిక్ జిల్లాలోనే యేవలాలో, హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావనని ప్రకటించాడు. కాలారామ్ తలుపుల దగ్గర కూర్చోవడం అక్కడితో ఆగింది.

ఇదంతా మరాఠీ దేశపు కథ అనుకోనక్కర్లేదు. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాజన సభ జరిగింది, ఆది ఆంధ్ర అన్న పేరు నిలబడింది అక్కడే. ఊళ్ళు దాటి ఇంతమంది వస్తున్నారని తెలిసి ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి మూసేశారని ఆయన జీవితకథల్లో చెప్తారు. మహాడ్ పుకారుకు పదేళ్ళ ముందు సంగతి ఇది. సభకు వచ్చిన దళితుణ్ణి చూస్తే గుడిలోకి వస్తాడేమోనని భయం. అతను మాత్రం బడి గురించి, భూమి గురించి మాట్లాడుతుంటాడు.

1941లో వచ్చిన జాషువా గబ్బిలం కూడా ఒక యాత్ర పుస్తకమే. తంజావూరు చర్మకారుడు తన గోడు కాశీ విశ్వేశ్వరుడికి చెప్పుకోవాలి. తాను గుడిలోకి పోలేడు. అందుకని గుడి చూరుకు వేలాడే గబ్బిలాన్ని పంపుతాడు. దారిలో ఏ ఊళ్ళు, ఏ క్షేత్రాలు వస్తాయో దానికి చెప్తాడు. మేఘసందేశం పద్ధతి అని పండితులు ముచ్చటపడతారు. ప్రియురాలి కోసం మబ్బును పంపడం వేరు, కాళ్ళుండి కూడా గడప దాటలేక గబ్బిలాన్ని పంపడం వేరు. దారి మొత్తం తెలిసిన మనిషి ఇంట్లో కూర్చోవలసి రావడమే ఆ కావ్యంలో నాకు కనపడిన అసలు సంగతి.

నీళ్ళ తగాదా 1927తో పోలేదని మనకు కారంచేడు చెప్పింది. 1985 జూలైలో, మాదిగలు తాగే చెరువు నీళ్ళను మురికి చేస్తుంటే ఒక మాదిగ స్త్రీ ఇదేమిటని అడిగింది. మరునాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు చీరాలకు నడిచారు. దళిత మహాసభ పుట్టింది ఆ నడకలోంచే.

రెండేళ్ళ కిందట మార్చిలో మేం నలుగురు పరిశోధక విద్యార్థులం మహాడ్ వెళ్ళాం. ఏటా మార్చి 20కి అక్కడ జనం చేరతారు. నీలి జెండాలు, పాటలు, పుస్తకాల దుకాణాలు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన కుటుంబాలు. చూడబోతే తిరునాళ్ళే. చెరువు గట్టున అంబేడ్కర్ విగ్రహం. జనం నీళ్ళు ముట్టుకుని కళ్ళకద్దుకుంటున్నారు, కొందరు సీసాల్లో నింపుకుంటున్నారు. మాతో వచ్చిన మిత్రుడికి అది నచ్చలేదు. "ఇది గంగాజలం అయిపోతోంది. విగ్రహాల కోసం కాదని ఆయన ఉత్తరం రాసింది ఇందుకేనా?" అన్నాడు. ఇంకో మిత్రురాలు ఒప్పుకోలేదు. "వీళ్ళ తాతలకు పండగంటే పని. వీళ్ళు సెలవు పెట్టి, టిక్కెట్టు కొనుక్కుని, పిల్లలతో వచ్చారు. ఆ సీసాను కూడా నువ్వే తప్పుపట్టాలా?" అంది. బస్సులో తిరిగొచ్చేదాకా వాదన నడిచింది. నేను ఇద్దరి పక్షానా ఉన్నాను. ఆ చెరువు మొక్కులు తీర్చే తీర్థం కాకూడదు. అట్లాగని డప్పు మోయకుండా, వంతు లేకుండా, ఊరికే చూడ్డానికి ఒక చోటికి పోవడం మనవాళ్ళకు ఎంత కొత్త సంగతో కూడా మరిచిపోగూడదు. 2027 మార్చికి ఆ నడకకు నూరేళ్ళు. ఈ వాదన మన సంఘాల్లో గట్టిగా జరగాలి.

నేను కూడా ఒక సీసా తెచ్చాను, ఒప్పుకుంటాను. ఇంటికెళ్ళి మా నాయనకిచ్చి మహాడ్ కథ మొత్తం చెప్పాను. ఆయన సీసా మూత తీయలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మరి దెబ్బలు తిన్నాక వాళ్ళు ఇళ్ళకెట్టా చేరార్రా?" అని అడిగాడు. నా నోట్సులో దానికి రెండు వాక్యాలున్నయ్. దాడి జరిగిన రెండు వారాలకే, 1927 ఏప్రిల్ 3న, అంబేడ్కర్ బహిష్కృత భారత్ పత్రిక మొదలుపెట్టాడు. ఇప్పుడు మరాఠీ నేర్చుకుంటూ ఆ సంచికలు చదువుతున్నాను, తిరుగు దారిలో వచ్చే ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే రాసుకుంటున్నాను.